కారుతోబాటు కాంట్రాక్టు కొనవలెనా?

ఆశ్వయుజ మాసము వచ్చిన దనగా మన బరంపురమున కొత్త కార్ల సందడి మొదలగును. విజయదశమికి కొందరు, దీపావళి ముందరి ధనత్రయోదశికి కొందరు ముందుగానే పైకము కట్టి, సరిగా ఆ దినముననే బండి యింటికి రావలెనని పట్టుబట్టుదురు. చక్రముల క్రింద నిమ్మకాయలు నలుగుట, ముందర కొబ్బరికాయ పగులుట, అద్దముమీద కుంకుమబొట్టు పెట్టుట, ఇవన్నియు చూడ ముచ్చటైనవే. అయితే యీ వేడుకకు ఒక గంట ముందు షోరూములోని గాజుగదిలో మరియొక వ్యవహారము జరుగుచుండును. దానిని గురించి మన సభ్యులతో నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఆ గదిలో బల్లమీద కాగితముల కట్ట యుండును. ఇంటివారందరు కొత్తబట్టలు కట్టుకొని నిలుచుందురు. రాహుకాలము రాకముందే బండి గేటు దాటవలెనని పెద్దలు తొందరపెట్టుచుందురు. పిల్లలు అప్పుడే వెనుకసీటులో ఎక్కి కూర్చుందురు. షోరూము కుర్రవాడు ఒక్కొక్క కాగితము తిప్పుచు, వేలు పెట్టి చూపినచోట సంతకము చేయించుకొనును. రిజిస్ట్రేషను, జీవితకాలపు పన్ను, ఇన్సూరెన్సు అయిన పిదప, "ఇది సర్వీసు ప్యాకేజీ, అయిదేండ్ల వరకు మీకు చింతయే లేదు; ఇది పొడిగించిన వారంటీ; ఇది తుప్పు పట్టకుండ అడుగున వేయు పూత" అని ఒక్క ఊపిరిలో చెప్పివేయును. అన్నియు ఒకే కట్టలో నుండుటచేత అన్నియు తప్పనిసరి యనియే కొనువాడు తలచును.

కాని అవి తప్పనిసరి కావు. రిజిస్ట్రేషను, పన్ను, ఇతరులకు కలుగు నష్టమునకై చేయు ఇన్సూరెన్సు చట్టము కోరునవి. ఈ కడపటి ఇన్సూరెన్సును కొత్త కారునకు 3 సంవత్సరములకు ఒకేసారి చేయవలెనను నియమము 2018 సెప్టెంబరు నుండి సుప్రీంకోర్టు ఉత్తర్వుచే వచ్చినది. సర్వీసు కాంట్రాక్టు గాని, పొడిగించిన వారంటీ గాని, పూత గాని ఏ చట్టమును కోరలేదు. అవి వేరు సరకు. వేరుగా బేరమాడి, కొనవచ్చును, మానవచ్చును.

మేమును ఒకప్పుడు ఆ గాజుగదిలో నిలిచినవారమే. 2019 అక్టోబరులో కారు కొన్నప్పుడు, సంతకములు చేయించుకొన్న యువకుడు మా మాట తీరు విని, "మీ స్వగ్రామ మేదండీ? మాది పలాస దగ్గరండీ" అనినాడు. ఒరియా మాటల నడుమ ఆ తెలుగుపలుకు విన్నంతనే మా మనస్సు మెత్తబడినది. మనవాడే గదా, మనకు చెడ్డ చెప్పునా అనుకొని, 5 సంవత్సరములు లేదా 50,000 కిలోమీటర్ల సర్వీసు కాంట్రాక్టును 38,000 రూపాయలకు పుచ్చుకొంటిమి. ఆ పైకమును చేతినుండి ఇచ్చినవారము కాము. కారు అప్పులోనే కలిపివేసిరి. అబ్బాయి చెడ్డవాడు కాడు, అబద్ధమును చెప్పలేదు. కాని అతడు తెలుగులో చెప్పిన దంతయు చింత లేకపోవుటను గురించి. కాగితములో ఆంగ్లమున వ్రాసిన దంతయు షరతులను గురించి. సంతకము చేసినది కాగితముమీదనే గాని ఆ తియ్యని మాటమీద కాదు.

2022లో తండ్రిగారు పక్షవాతముతో మంచము పట్టగా, మేము టెక్కలి దగ్గరి గ్రామమున నాలుగు మాసములు ఉండవలసివచ్చినది. ఆ నడుమ సర్వీసు గడువు వచ్చెను. శ్రీకాకుళములో అదే కంపెనీవారి అధీకృత వర్కుషాపునకు బండిని తీసికొనిపోయి మా కాంట్రాక్టు కాగితమును చూపితిమి. అచ్చటివారు మర్యాదగనే చదివి, "ఇది కంపెనీ యిచ్చినది కాదండీ, మీ బరంపురపు డీలరు తన పేర ఇచ్చినది. మాకు చెల్లదు" అనిరి. 5,900 రూపాయలు ఇచ్చి సర్వీసు చేయించుకొంటిమి. తిరిగి వచ్చి డీలరును అడుగగా, గడువు తేదీ దాటిన 30 దినములలో రానిచో ఆ సర్వీసు రద్దగు నని 11వ షరతును చూపిరి. షరతు ఉన్నమాట నిజమే. చదువని దోషము మాది.

1936లో ఒరిస్సా రాష్ట్రము వేరుపడినప్పుడు మన యిండ్లకును మన బంధువుల యిండ్లకును నడుమ ఒక గీత పడినది. ఆ గీత పెండ్లిండ్లను ఆపలేదు, తద్దినములను ఆపలేదు. ఇచ్ఛాపురము దాటి పోవుట మనకు పొరుగువీధికి పోవుటయే. కాని డీలరు ఇచ్చిన కాంట్రాక్టు ఆ గీతవద్ద ఆగిపోవును. హోసూరులో కాపురముండి చిత్తూరుకు పోయి వచ్చువారికిని, బళ్లారినుండి అనంతపురమునకు రాకపోకలు గలవారికిని, యానాములో ఉండి కాకినాడలో బండి కొనువారికిని ఇదే చిక్కు. ఒకే యూరిలో పుట్టి అక్కడనే బండి నడుపుకొనువానికి లేని యిబ్బంది, రెండు రాష్ట్రములలో బ్రతుకు పంచుకొన్న మనవంటివారికి కలదు. అందుచేత మొదట చూడవలసినది ధర కాదు. క్రింద ఎవరి సంతకమున్నదో చూడవలెను. కారు తయారుచేసిన కంపెనీదా, డీలరుదా, లేక నడుమనున్న మరియొక సంస్థదా? కంపెనీది యైనచో దేశములోని తన అధీకృత వర్కుషాపులన్నిటను చెల్లునా యని వ్రాతమూలముగా అడుగవలెను. డీలరుది యైనచో ఆ డీలరు వ్యాపారము సాగినంతకాలమే దాని ఆయుర్దాయము. షోరూములు మూతపడుటయు మనము చూచుచునే యున్నాము గదా.

ఇక లెక్క. మా పొరుగింటివారు అదే కారును అదే నెలలో కొని, ఏ కాంట్రాక్టును పుచ్చుకొనలేదు. వారి 5 సంవత్సరముల బిల్లులను అడిగి తెచ్చి కూడి చూచితిమి. మొదటి సంవత్సరము కూలి ఉచితమగుటచే నూనె, ఫిల్టరుల ఖర్చు మాత్రము 2,150 రూపాయలు, రెండవయేట 5,380, మూడవయేట 6,240, బ్రేకు ఆయిలు, స్పార్కు ప్లగ్గులు మార్చిన నాలుగవయేట 9,760, అయిదవయేట 6,890. మొత్తము 30,420 రూపాయలు. మేము ఇచ్చినది 38,000. దానిని 9.5 వంతుల వడ్డీతో 60 నెలల అప్పులో కలుపుటచే నెలకు సుమారు 798 రూపాయల చొప్పున మా చేతినుండి పోయినది దాదాపు 47,900. శ్రీకాకుళములో ఇచ్చిన 5,900 దీనికి అదనము. ఒకే వీధిలో, ఒకే కారునకు, అదే నూనె, అదే ఫిల్టరు. వారికి 30 వేలు, మాకు 53 వేలకు పైన. ఆ బిల్లుల కట్టను తిరిగి యిచ్చునప్పుడు పొరుగాయన నవ్వలేదు. అందుకు వారికి కృతజ్ఞులము.

అయినను మా యొక్క అనుభవమునుబట్టి అన్ని కాంట్రాక్టులును నష్టమే యనుట న్యాయము కాదు. విడిభాగముల ధరలు, కూలి ఏటేట పెరుగును. కాంట్రాక్టు ధర మొదటనే స్థిరపడును. సంవత్సరమునకు సరిగా 10,000 కిలోమీటర్లు తిరుగుచు, తేదీ తప్పక అదే వర్కుషాపునకు పోవువారికి లెక్క సరిపోవచ్చును, కొంత మిగులనువచ్చును. పిల్లలు దూరదేశములో నుండగా ఒంటరిగా బండి నడుపుకొను వృద్ధ దంపతులకు, బిల్లు బిల్లునకు వాదించు ఓపిక లేనివారికి, నాలుగైదు వేలు ఎక్కువైనను మనశ్శాంతి దక్కవచ్చును. ఇది వారు తెలిసి పెట్టు ఖర్చు. అయితే ఒక్క మాట. కాంట్రాక్టు ఉన్నంతమాత్రమున వర్కుషాపువారు "ఇంజను లోపల కడుగుట, ఏసీ శుద్ధి, ప్రత్యేకపు పాలిషు" అని పైపైన చేర్చు పద్దులు ఆగవు. అవి కాంట్రాక్టులో నుండవు. ప్రతిసారి వేరుగా ఇవ్వవలసినదే. కారుతో వచ్చిన పుస్తకములో ఏ కిలోమీటరు వద్ద ఏమి చేయవలెనో పట్టికగా అచ్చువేసి యుండును. ఆ పట్టికలో లేని పనిని వద్దనుటకు సంకోచింపనక్కరలేదు.

"5 సంవత్సరములు లేదా 50,000 కిలోమీటర్లు" అను వాక్యము చూచుటకు ఉదారముగ కనబడును. దాని ప్రక్కనే చిన్న అక్షరములలో "ఏది ముందైన అది" యని యుండును. ఈ మాటలలోనే యావద్వ్యాపారము దాగియున్నది. మా కారు 5 సంవత్సరములలో తిరిగినది 31,000 కిలోమీటర్లు మాత్రమే. మాకు సంవత్సరములు ముందు ముగిసినవి. 19,000 కిలోమీటర్లు గాలిలో కలిసినవి. హోసూరునుండి బెంగుళూరునకు ప్రతిదినము ఉద్యోగమునకై కారులో పోయివచ్చు గృహస్థుని తలచుకొనుడు. రానుపోను దినమునకు 80 కిలోమీటర్లైనచో, 250 పనిదినములలో 20,000 అగును. అతనికి 50,000 రెండున్నర సంవత్సరములలోనే ముగియును. మిగిలిన రెండున్నర సంవత్సరములు కాగితముమీద మాత్రమే యుండును. తక్కువ తిరుగువాడు దూరమును పోగొట్టుకొనును, ఎక్కువ తిరుగువాడు కాలమును పోగొట్టుకొనును. రెండును సంపూర్ణముగా దక్కువాడు ఎక్కడనో ఒకడుండును. కనుక ధర విన్నంతనే దానిని అయిదింట భాగింపక, తన బండి ఏడాదికి ఎంత తిరుగునో మొదట అంచనా వేసికొని, నిజముగా ఎన్ని సర్వీసులు దక్కునో లెక్కించి, ఆ సంఖ్యతో భాగింపవలెను.

సర్వీసు కాంట్రాక్టు వేరు, పొడిగించిన వారంటీ వేరు. చాలమంది రెండింటిని ఒకటిగా తలచుచున్నారు. మొదటిది, ఎటులైనను రాబోవు ఖర్చును ముందుగా చెల్లించుట. రెండవది, వచ్చునో రాదో తెలియని ఖర్చునకు పందెము కాయుట. కొత్త కారునకు తయారీదారుడే 2 లేదా 3 సంవత్సరములు వారంటీ ఇచ్చును. అది ముగిసిన పిదప మరి రెండు మూడు సంవత్సరములు లోపములకు తాము బాధ్యులమని చెప్పి తీసికొను రుసుమే యీ పొడిగింపు. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చినవి. కారులో సెన్సారులు, ఎలెక్ట్రానిక్ పెట్టెలు పెరిగినవి. ఆటోమేటిక్ గేరుబాక్సు గాని, ఎలెక్ట్రానిక్ నియంత్రణపు పెట్టె గాని చెడినచో బిల్లు వేలలో కాదు, పదివేలలో వచ్చును. అట్లని భయపడి అందరును కొనవలెనా? ఇట్టివి అమ్మువారు తమ జీతములు, కమీషను, పన్ను, లాభము అన్నియు కొనువారి రుసుములోనుండియే తీసికొందురు. కావున కొనువారందరిని ఒక్కటిగా చూచినచో ఇచ్చినదానికన్న తిరిగి వచ్చునది తక్కువగనే యుండవలెను. భరింపజాలని నష్టమునకే యిట్టి ఏర్పాటు తగును. ఒక్కసారి 60 వేల బిల్లు వచ్చినచో ఇల్లు తలక్రిందులగు కుటుంబము, ఆటోమేటిక్ బండి కొని ఏడెనిమిది సంవత్సరములు ఉంచుకొనదలచిన కుటుంబము తీసికొనుట మంచిదే. చేతిగేరు గల చిన్న పెట్రోలు కారు కొని నాలుగేండ్లకే మార్చువారు పోస్టాఫీసులో నెలకు 500 రూపాయలు రికరింగు డిపాజిట్టు వేయుట మేలు. 60 నెలలలో అసలే 30,000 అగును, వడ్డీ వేరు. బండి చెడకున్నను ఆ సొమ్ము తమదే.

దీనిని షోరూములోనే, ఆ దినముననే నిర్ణయింపనక్కరలేదు. పొడిగింపును మొదటి వారంటీ ముగియకముందు ఎప్పుడైనను పుచ్చుకొను అవకాశమును అనేక కంపెనీలు ఇచ్చుచున్నవి. ఆలస్యమైనకొలది ధర కొంత పెరుగవచ్చును. మీ కంపెనీ నియమ మేమో అడిగి తెలిసికొని, ఒక ఏడాది బండి నడిపి, దాని గుణము చూచి నిశ్చయించుకొనవచ్చును. రాహుకాలమునకు ముందు తీయవలసినది బండిని మాత్రమే.

వారంటీ దేనికి చెల్లదో కూడ తెలిసియుండవలెను. బ్రేకు ప్యాడ్లు, క్లచ్చి ప్లేటు, వైపరులు, టైర్లు అరుగుదల వస్తువులు. వీనిని సాధారణముగా వారంటీలో చేర్చరు. బ్యాటరీకిని టైర్లకును వానిని చేసినవారి వారంటీ వేరు. ఎలుకలు తీగెలు కొరికిన అది తయారీలోపము కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటిన రాత్రిని, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు తీరమును ఊడ్చినదానిని మన ప్రాంతమువారు మరువరు. అట్టి సమయమున చెట్టు పడి నలిగిన కారునకు దిక్కు ఇన్సూరెన్సు. వారంటీ కాదు, సర్వీసు కాంట్రాక్టు అసలే కాదు. ఇతరులకై చేయు తప్పనిసరి ఇన్సూరెన్సు మాత్రమే యుండి, స్వంత బండి నష్టమునకు చేయకున్నచో అదియు దక్కదు. నీట నిలిచిన బండిని స్టార్టు చేయగా ఇంజనులోనికి నీరు పోయి చెడుటను సాధారణ ఇన్సూరెన్సులో చేర్చరు. ఇంజను రక్షణ యను అదనపు అంశమును వేరుగా తీసికొనవలెను. మద్రాసునగరమున 2015 డిసెంబరు వరదలలో ఎందరో దీనిని ఆలస్యముగా తెలిసికొనిరి. తీరప్రాంతమువారు తమకున్న పైకమును మొదట ఇటువైపు ఖర్చుచేసి, పిదప మిగిలినచో సర్వీసు ప్యాకేజీల సంగతి చూచుట యుక్తమని మా అభిప్రాయము.

వెలుపలి మెకానిక్కు చేయి వేసినచో వారంటీ పోవునను బెదిరింపు మరియొకటి. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన తీర్పులో, స్వతంత్ర మెకానిక్కు వద్ద పని చేయించినంతమాత్రమున వారంటీ మొత్తమును రద్దుచేయు షరతు పెట్టరాదని ఆదేశించినది. ఆ పనివలననే చెడినదానికి మాత్రము బాధ్యత నిరాకరింపవచ్చును. కంపెనీలు ఆ తీర్పుపై అప్పీళ్లకు పోయినవి. కావున దీనిని చేతిలో ఆయుధముగ భావింపక, వారంటీ ఉన్నంతకాలము కాలపట్టిక సర్వీసులను అధీకృత వర్కుషాపులోనే చేయించి బిల్లులు దాచుకొనుటయే క్షేమము. పంక్చరునకు, బల్బునకు, తలుపు గీతకు మన వీధిచివరి మిస్త్రీవద్దకు పోవుటకు జంకనక్కరలేదు.

వివాదము వచ్చినచో ఎక్కడికి పోవలెను? మనవంటివారికి ముఖ్యమైన మార్పొకటి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో కలదు. అది 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. పూర్వము ప్రతివాది యున్నచోటికి, లేక వ్యవహారము జరిగినచోటికి పోయి ఫిర్యాదు చేయవలసియుండెను. ఇప్పుడు ఫిర్యాదీ తాను నివసించుచోట, లేక ఉద్యోగము చేయుచోటనే జిల్లా కమిషనులో దాఖలు చేయవచ్చును. విశాఖపట్నమున బండి కొన్న గంజాం జిల్లావాసి బరంపురములోనే ఫిర్యాదు చేసికొనవచ్చు నన్నమాట. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయలవరకు ఉన్నచో రుసుము లేదు. కారణము పుట్టిన 2 సంవత్సరములలోపల దాఖలు చేయవలెను. అంతకుముందే 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారు తెలుగుతోకూడ 17 భాషలలో విని, కంపెనీతో మాట్లాడి పరిష్కరింప యత్నింతురు. తెలుగున చెప్పుకొనుటకు ఒక ద్వారమైనను తెరచియున్నందుకు సంతోషింపవలసినదే. కాని ఆ ద్వారమువద్దకు చేతిలో కాగితము లేకుండ పోయినచో లాభము లేదు. నోటిమాటగా చెప్పిన దేదియు అక్కడ నిలువదు.

2025లో మా చెల్లెలు కుటుంబము ఆటోమేటిక్ గేరు గల కారును కొన్నది. ఈసారి మేము షోరూమువారిని ముందురోజే కాగితములన్నియు పంపుమని కోరితిమి. మొదట "రేపు వచ్చినప్పుడు చూచుకొందురు గదా" అనిరి. రెండవసారి అడుగగా పంపిరి. సాయంకాలము నలుగురము కూర్చుండి చదివితిమి. సర్వీసు ప్యాకేజీ డీలరుదే, వద్దంటిమి. అడుగుపూత కంపెనీయే వేసినదని కారు పుస్తకములో నుండుటచే దానినీ వద్దంటిమి. పొడిగించిన వారంటీ కంపెనీది, అన్ని రాష్ట్రములలో చెల్లునది, బండి అమ్మినచో కొన్నవానికి బదిలీ యగునది. బావగారు బ్యాంకులో పనిచేయుచు మూడేండ్ల కొకసారి బదిలీ యగువారు గనుక దానిని పుచ్చుకొంటిమి. అప్పులో కలుపనీయక విడిగా చెల్లించితిమి. ఇది లాభమో నష్టమో మరి అయిదేండ్లకు గాని తేలదు.

ఈ పండుగలకు కారు కొనదలచిన సభ్యులకు ఒక మనవి. ఆదివారము ఉదయము 9 గంటలనుండి 11 గంటలవరకు మన పఠనమందిరములో ఆంగ్లము, లెక్కలు తెలిసిన యిద్దరు సభ్యులు కూర్చుందురు. కాంట్రాక్టు కాగితము తెచ్చినవారికి ప్రతి షరతును తెలుగున చదివి చెప్పుదురు. సంతకము చేయకముందు తెచ్చినచో మంచిది. చేసిన పిదప తెచ్చువారు రసీదునుకూడ వెంట తేవలెను.